ఇంటినూలు, ఇంటిబట్ట: కులచరిత్రమున స్త్రీలభాగము

మన కులచరిత్రమును వ్రాయబూనిన వారెల్లరును మార్కండేయునితోడను భావనాఋషితోడను ప్రారంభింతురు. విష్ణునాభికమలమునుండి తంతువులు తీసి భావనాఋషి దేవతలకు వస్త్రములు నేసెననియు, తన్మూలమున మనకు పద్మశాలీయులను పేరు గలిగెననియు పెద్దలు చెప్పుదురు. ఆ కథపట్ల మాకు భక్తియే గాని విప్రతిపత్తి లేదు. అయిన నా పద్మతంతువును వడికినవా రెవరు, ఆసు పోసినవా రెవరు, కండెలు చుట్టినవా రెవరు అని యడిగిన చరిత్రకారు డరుదు. భావనాఋషి పత్నియగు భద్రావతీదేవిని మనము పూజింతుము గాని యామె చేతిపనిని స్మరింపము. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది యింతమాత్రమే: మన వృత్తి మొట్టమొదట నింటిపని, అందు సగమునకు మించినది స్త్రీలపని.

నేత యనగానే మగ్గమున గూర్చుండిన పురుషుడు తలపునకు వచ్చును. కాని మగ్గము నెక్కువఱకు నూలు పొందు సంస్కారములలో నధికభాగము స్త్రీల చేతులమీదుగానే నడచుచు వచ్చినది. ఇది మా కల్పనము గాదు, వేదమే సాక్షి. అథర్వవేదమున 14వ కాండము వివాహమంత్రములది. అందు వధువునకు వస్త్రము గట్టునపుడు చెప్పు మంత్రమున, ఆ వస్త్రమును వడికినవారును నేసినవారును సాచినవారును స్త్రీదేవతలేయని యున్నది. పంచవింశబ్రాహ్మణమున నేతగత్తెకు ‘వయిత్రి’ యను పదము గలదు. పని లేనిదే పేరు పుట్టదు గదా!

కౌటిల్యుని యర్థశాస్త్రము ఇంతకంటెను స్పష్టము. 1909లో మైసూరున శామశాస్త్రిగారు దానిని ప్రకటించినప్పటినుండి పండితులు రాజనీతినే యెక్కువగా చర్చించిరి గాని, రెండవ యధికరణమున సూత్రాధ్యక్షుని ప్రకరణమును చదివినవారు తక్కువ. వితంతువులచేతను, అంగవికలురచేతను, కన్యలచేతను ఉన్ని, నార, పత్తి, జనుము మున్నగువానిని వడికింపవలెననియు, నూలు సన్నమా ముదుకా మధ్యమా యని చూచి కూలి నిర్ణయింపవలెననియు నందున్నది. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీలచేత పని పంపి గౌరవముతో చేయించుకొనవలెనట. నూలుశాలకు వేకువనే వచ్చినవారి నూలు పరీక్షించుటకు మాత్రమే దీపముండవలెను. ఆ వెలుగున స్త్రీముఖము చూచినను, అన్యవిషయములు మాటాడినను ఉద్యోగికి దండనము. ఉద్యోగకాలమున మే మనేకములైన తనిఖీలను జూచితిమి గాని, తనిఖీకి వచ్చినవానికే యింత కట్టుదిట్టము చేసిన శాసనమును మఱియొకచోట నెఱుగము.

ఇక మన సీమకు వత్తము. పోచారము పేరు లోకమున కెఱుకపడినది ఆలేరువాగుపై 1916 మొదలు 1922 వఱకు నిజాము ప్రభుత్వము కట్టించిన జలాశయముచేత. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట ప్రాంతముల పొలము లా నీటితో పండినవి. ఆ కట్టను గూర్చి సర్కారు కాగితములు చెప్పును. కట్ట దిగువ నిండ్లలో బట్టయు భూషణమును నెట్లు సిద్ధమయ్యెడివో యింటి ముదుసళ్ళే చెప్పవలెను. పాతచీరలను పొరలుగా పఱచి కుట్టిన బొంత, బిందెక్రింద తలపై నుంచుకొను గుడ్డ చుట్టకుదురు, చేతికుట్టు రైక, ఇవన్నియు నంగడి మొగము నెఱుగని వస్తువులు. చెవికమ్మ మాట చూడుడు. కమ్మ యనగా తాటియాకు. ఆకును చుట్టి చెవిరంధ్రమున దూర్చుకొనుటే మొదటి భూషణము. బంగారము వచ్చినపిమ్మటను పేరు మాఱలేదు. సంస్కృతమున ‘తాటంక’శబ్దమందును తాటిచెట్టే కలదు. శ్రీమంతురాలి రవ్వలకమ్మకును పేదరాలి తాటాకునకును పుట్టిల్లొక్కటే!

కురుమ సోదరుల గొంగడియు నిట్టిదే. వారి యాడువారు దక్కని గొఱ్ఱెల యున్ని వడుకుదురు. పురుషులు నేసి చింతగింజల గంజి పెట్టుదురు. ఇక లంబాడీతండాల స్త్రీల నేర్పు చెప్పదగినది. ఫేటియా, కాంచళి, టుకిరి యను తమ యుడుపులను వారు తామే కుట్టుకొని యద్దపుబిళ్ళలు, గవ్వలు, పూసలు పొదుగుకొనెడివారు. కూతురు పెండ్లినాటికి తల్లి యేండ్లతరబడి కుట్టి కూడబెట్టెడిది. వా రమ్ముటకు గుట్టలేదు, తమకొఱకు గుట్టుకొనిరి. మన యిండ్లలో జరిగినది దీనికి విపర్యయము. సన్ననూలు చీర షావుకారు మూటలోనికి పోవును. దానికి గంజిపెట్టిన యిల్లాలు మోటుచీరయే కట్టును. ఆమె పని యింటనే, ఆమె బట్టమాత్రము పరులది. మన బీదతనమునకు మూలము నిక్కడ వెదకవలెను గాని సోమరితనమున గాదు.

ఆ యింటిపని యెట్టిదో నేటి పిల్లలకు తెలియదు గావున కొంత వివరింతుము. గింజ తీసిన పత్తిని దూదేకులవారు వింటితో నేకుదురు. ఏకులుచేసి, రాట్నముపై కదురున వడికి, చిలపలుగా తీయుట స్త్రీలపని. పిమ్మట నాసు పోసి పడుగు సిద్ధపఱుపవలెను. తెల్లవాఱుజామున వీధిలో పడుగు సాచి, గంజిపెట్టి, కుంచెతో దువ్వునపు డింటిల్లిపాదియు, ఇరుగుపొరుగువారును చేయివేయవలెను. ఎండ ముదిరిన పోగు పెళుసెక్కును, మబ్బుపట్టిన ముద్దయగును. తరువాత పేకకు కండెలు చుట్టుట పిల్లలకును ముదుసళ్ళకును వదలుదురు. ఇంతయు జరిగినగాని నాడె కదలదు.

ఈ గొలుసున మొదట తెగినది వడుకు. 19వ శతాబ్దిలో సీమనూలు దిగినది. 1854లో బొంబాయిలో నూలుమిల్లు స్థాపింపబడెను. 1934లో మన ఓరుగల్లుననే ఆజంజాహీ మిల్లు వెలసెను. మిల్లునూలు సులభముగా దొఱకునని మగ్గమువా రానందించిరి. ఏకై వచ్చి మేకైనదన్న సామెత యిచ్చట నక్షరాల చెల్లినది. మగ్గము నిలిచెను గాని రాట్నము మూలబడెను. స్త్రీల స్వార్జితము పోయెను. 1921లో బెజవాడ కాంగ్రెసు సభ 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినది యీ తెగిన పోగును ముడివేయుటకే. శ్రీకాకుళముకడ పొందూరున స్త్రీలు వాలుగచేప దవడయెముకతో పత్తి దువ్వి సన్ననూలు వడుకు విద్య నిలిచియున్నది. తక్కినచోట్ల రాట్నము బొమ్మలలోనే మిగిలెను.

వడుకు పోయినను ఆసు మిగిలెను; దాని బరువును మిగిలెను. పోచంపల్లి తరహా చిటికినేతలో నొక్క చీరకు స్త్రీ తన చేతిని సుమారు 9,000 మార్లు ముందువెనుకల కాడింపవలెను. ఆలేరు పట్టణము చెంత శారాజీపేటలో చింతకింది మల్లేశముగారు తల్లి భుజముల నొప్పి చూచి సహింపలేక, సంవత్సరములు శ్రమించి 1999లో ఆసుయంత్రమును సిద్ధపఱచి తల్లి పేర ‘లక్ష్మీ ఆసుయంత్ర’మని పిలిచిరి; 2017లో పద్మశ్రీ పొందిరి. బిరుదము పొందిన కుమారుని మనము సన్మానించితిమి. యంత్రమున కా తల్లిపేరు నిలుచుట యంతకంటె గొప్ప సంగతియని మా యభిప్రాయము.

2019-20 నాటి నాలుగవ చేనేత గణనములో దేశమున చేనేతవారును తత్సంబంధపు పనివారును 35.22 లక్షలుగా తేలిరి; అందు స్త్రీలు 25.46 లక్షలు. వీరిలో పెక్కండ్రు ఈశాన్యరాష్ట్రములవారు. అస్సాములో గృహిణి తన బట్ట తానింట నేసికొనుట నేటికిని గలదు. మన నిజామాబాదు, కామారెడ్డి, సిరిసిల్ల ప్రాంతములందో, కండె చుట్టిన వంశముల వ్రేళ్ళు తునికాకు చుట్టుచున్నవి. బీడీమొదట ముడివేయు దారమొక్కటే పాతచుట్టఱికము, అదియు మిల్లుదే. ఇది మన స్త్రీల తప్పు గాదు. పురుషులు షోలాపురము, భీవండి, సూరతులకు తరలిపోగా నిల్లు నడపినది ఆ బీడీకూలియే.

శ్రావణపూర్ణిమ మనకు నూలిపున్నమ. ఆనాడు యజ్ఞోపవీతము ధరింతుము. చేతినూలును నాలుగువ్రేళ్ళపై 96 చుట్లు కొలిచి, ముప్పేటగా వడివేసి, మరల ముప్పేటగా మడచినగాని తొమ్మిది తంతువుల జందెము గాదు. నేడు మనలో ననేకు లంగడిలో పొట్లము కొని వేసికొందురు. నేతకులము తన జందెపునూలు సయితము కొనుట మా కెంతయు చింతాకరము. వచ్చు నూలిపున్నమకైనను సంఘమువారు తకిళ్ళును ఏకులును దెచ్చి, వడుకనేర్చిన ముదుసళ్ళను ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, కామారెడ్డిలనుండి సమావేశపఱచి, బాలికలకును బాలురకును నేర్పింపవలెను. వారు పలుకు పనిముట్ల పేళ్ళను, పనిపాటలను వారి పేళ్ళతో సహా వ్రాయించి సంఘపు పుస్తకమున చేర్పవలెను. వారిలో పలువురు ఎనుబదియేండ్లు దాటినవారు గాన, ఈ పని యీ సంవత్సరమే జరుగవలెను.