పిరుదు కండరముల కంపార్ట్‌మెంట్ సిండ్రోము, తుంటి నరపు హాని

పిరుదు కండరములను బిగువుగాఁ జుట్టియుండు పొరలోపల ఒత్తిడి హెచ్చి, సన్నని రక్తనాళములలో ప్రసారము నిలిచినపుడు, ఆ కండరములు క్రమముగా నశించుటయు, వాని యడుగున సాగు తుంటి నరము నలిగి కాలు చచ్చుబడుటయు ఈ వ్యాధి స్వరూపము. పిరుదునం దిట్టి పొరలచే నేర్పడిన యరలు (కంపార్ట్‌మెంట్లు) మూఁడు. తుంటి నరము వానిలో దేనికిని చెందనిదైనను, పెద్ద కండరమునకు దిగువగనే తొడలోనికి దిగుటచే దాని వాపునకు లోఁబడును.

సుశ్రుతసంహిత 107 మర్మములను లెక్కించుచు, పిరుదుల ప్రాంతమునఁ గల కుకుందరములకు దెబ్బ తగిలినచో అధఃకాయమున స్పర్శజ్ఞానము నశించి చేష్ట లుడుగునని చెప్పుట శ్లాఘనీయమైన పరిశీలన. అయిన నందు ఒత్తిడి ప్రసక్తి లేదు. పిమ్మట పెక్కు శతాబ్దులు గడచెను. 1881లో జర్మనీదేశపు హాలె నగర శస్త్రవైద్యుఁడు రిచర్డ్ ఫాన్ వోల్క్‌మన్, బిగించి కట్టిన కట్లవలన రక్తము కఱవై కండరములు ముడుచుకొనిపోవునని విశదపఱచెను. 1923లో జపానీయుఁడగు సైగో మినామి, మొదటి ప్రపంచయుద్ధమున మట్టిక్రింద పూడుకొనిపోయిన సైనికుల మూత్రపిండములు చెడుటకు నలిగిన కండరములే హేతువని సూచించెను. లండనుపై బాంబులు కురిసిన దినములలో శిథిలములనుండి వెలికిఁదీసిన నలుగురి వృత్తాంతమును 1941లో బైవాటర్స్, బీల్ అను వైద్యులు ప్రకటించిరి. 1975లో మాట్సెన్ అను వైద్యుఁడు ఈ భిన్నరూపముల నన్నిఁటిని హెచ్చిన ఒత్తిడి యను ఒకే సూత్రమునకు ముడివెట్టఁగా, ఆ యేఁటనే మఱియొక వైద్యుఁడు వైట్‌సైడ్స్ సూదితో కండరపు టొత్తిడిని కొలుచు సులభోపాయమును జూపెను.

ఓడరేవును ఉక్కుకర్మాగారమును గల విశాఖపట్టణమువంటి చోట ఇట్టి వ్యాధి యనఁగనే బరువు మీఁదపడుట స్ఫురించుట సహజము. కాని పిరుదు విషయమునఁ జరిత్ర వేఱుదారి పట్టినది: వైద్యపత్రికలలోని రోగులలోఁ బెక్కండ్రు మద్యముచేతనో మత్తుమందుచేతనో స్పృహ దప్పి, గట్టినేలపై గంటలకొలఁది కదలక పడియుండి, స్వశరీరభారము చేతనే నలిగినవారు. దీర్ఘమైన శస్త్రచికిత్సలో ఒకే భంగిమయందుండిన స్థూలకాయులును వీరిలోఁ గలరు.

పాదమున నాడి చక్కఁగాఁ గొట్టుకొనుచుండుటచే వైద్యుఁడు మోసపోవుట కవకాశ మెక్కువ. సామాన్యపు తుంటినొప్పిగా భావించి పంపివేయుటయుఁ గలదు. పిరుదు ఱాయివలె బిగిసి, తొడను మడిచినపుడు బాధ హెచ్చి, పాదము తిమ్మిరెక్కి వ్రేలాడి, మూత్రము నల్లబడినచో ఆలస్యము తగదు. డయస్టాలిక్ రక్తపోటునకును కండరపు టొత్తిడికిని భేదము పాదరసపు 30 మిల్లీమీటర్లకంటెఁ దగ్గినయెడల పొరను చీల్చి ఒత్తిడిని వదలింపవలెనని నేఁటి వైద్యుల సామాన్యనియమము. సుమా రాఱు మొదలు ఎనిమిది గంటలు మించినచో కండరము తిరిగి కోలుకొనుట యరుదు. నరము మాత్రము నెలలతరబడి మెల్లఁగాఁ దేఱుకొనవచ్చును, అంతవఱకు పాదమునకు ఆధారపు పట్టీ యవసరము.