ఉప్పునీటి తొట్టెలో క్లౌన్ చేపలు: తొందరపడితే నష్టమే

పగడపు దిబ్బల్లో పెరిగే క్లౌన్ చేప చిన్నది, సాధు స్వభావం కలది. జతకు 100 లీటర్ల తొట్టె చాలు.

నీరు: క్లోరిన్ లేని నీటిలో అక్వేరియం సముద్రపు ఉప్పు కలపాలి. వంట ఉప్పు పనికిరాదు. సెలినిటీ 33–35 పి.పి.టి., పి.హెచ్. 8.1–8.4, ఉష్ణోగ్రత 25–28 డిగ్రీలు ఉండాలి.

వదలడం: కొత్త తొట్టెలో వెంటనే వదిలితే అమ్మోనియా పెరిగి చేపలు చనిపోతాయి. రోజూ చిటికెడు మేత వేస్తూ, ఫిల్టరు నడుపుతూ 4–6 వారాలు ఆగాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చాకే హేచరీ పిల్లలను వదలాలి.

యాజమాన్యం: ఆవిరైన మేరకు మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోస్తే సెలినిటీ పెరుగుతుంది. వారానికి 10 శాతం నీరు మార్చాలి.

జత: పిల్లలన్నీ మొదట మగవే. రెండింటిని కలిపి పెంచితే పెద్దది ఆడదవుతుంది.