రంగు పోయింది, ఉప్పు మిగిలింది

మన ఆఫీసుల్లో ప్రతి రిలీజుకీ ఓ టీషర్టు పంచుతారు కదా, వాటిలో తిరుపూరు సరుకు ఉండే ఉంటుంది. నా గొడవ బట్ట గురించి కాదు, దాన్ని ముంచి తీసిన నీళ్ళ గురించి.

1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు లండన్లో క్వినైన్ చేద్దామని కూచుంటే బొగ్గు తారు సరుకులోంచి ఊదా రంగు ఊడిపడింది. (బగ్గు ఫీచరవడమంటే అదే!) సరిగ్గా వందేళ్ళకి, 1956లో, ఐసీఐ కంపెనీ రియాక్టివ్ రంగులు అమ్మకానికి తెచ్చింది. ఇవి నూలుపోగుతో రసాయనికంగా ముడిపడతాయి కాబట్టి ఉతికినా పోవు. పేచీ ఏంటంటే, కొంత రంగు పోగుని వదిలేసి నీళ్ళతోనే కలిసి వృథా అవుతుంది. పైగా రంగు బట్టకి పట్టాలంటే తొట్టిలో బోలెడు ఉప్పు పొయ్యాలి.

ఈ నీళ్ళని కరెంటుతో శుభ్రం చెయ్యడం కొత్త ఐడియా ఏం కాదు. 1889లోనే విలియం వెబ్‌స్టర్ లండన్ క్రాస్‌నెస్‌లో మురుగులోకి ఇనప పలకలు దించి కరెంటు పంపాడు. ఇనుము కరిగి తరకలు కడితే మలినం వాటికంటుకుని విడిపోతుంది. రంగునీళ్ళకి ఇంకో దారీ ఉంది. కరగని ఎలక్ట్రోడు పెడితే నీళ్ళలోని ఉప్పులోంచే క్లోరిన్ పుట్టి రంగు అణువుని విరగ్గొడుతుంది. అజో రంగుల్లో రెండు నైట్రోజన్ల మధ్య బంధం తెగితే చాలు, నీళ్ళు తేటపడతాయి. ఉప్పు ఎక్కువైతే కరెంటు ఇంకా తేలిగ్గా పారుతుంది.

బీకరులో చూడ్డానికి ఇంద్రజాలమే. కానీ విరిగిన ముక్కలు కొన్ని క్లోరిన్ని తగిలించుకుని కొత్త తలనొప్పవుతాయి. ఉప్పయితే ఎక్కడికీ పోదు.

నొయ్యల్ నది రైతుల పొలాల్ని పాడుచేసినదాంట్లో పెద్ద వాటా ఆ ఉప్పుదే. సాగు కోసం కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట 1992లో మొదలైంది. కొన్నేళ్ళకే అది అద్దకం నీళ్ళ తొట్టయింది. చివరికి ఆయకట్టు రైతులే ఆ నీళ్ళు మాకొద్దన్నారు! కరిగిన లవణాలు లీటరుకి 2100 మిల్లీగ్రాములు దాటకూడదని కాగితమ్మీద నిబంధన ఉండనే ఉంది. రైతులు కోర్టుకెక్కారు. 2006లో మద్రాసు హైకోర్టు, 2009లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షానే నిలిచాయి. అయినా నదిలోకి పారుతూనే ఉంటే, 2011 జనవరిలో హైకోర్టు అద్దకం యూనిట్లన్నీ మూసెయ్యమంది.

తర్వాత తెరుచుకున్నవాటికి షరతు, చుక్క బయటికి రాకూడదని. అందుకే ఆర్‌ఓతో వడగట్టి, మిగిలింది మరగబెట్టి, ఉప్పు తీసి మళ్ళీ తొట్టిలోకే పోస్తారు. ఖరీదైన పనే. రంగు తీసే కరెంటు పెట్టె చూపించేవాళ్ళని నేనైతే ముందు టీడీఎస్ రీడింగే అడుగుతాను.