ఆవిడ కోసమట!

మీ ఇంట్లో పాత కుట్టుమిషను ఉంటే ఒక్కసారి దాని చక్రం వైపు చూడండి. చక్రం పక్కనే బాబిన్‌కి దారం చుట్టుకునే చిన్న ఏర్పాటొకటి ఉంటుంది. దానికో రబ్బరు ఉంగరం. ఆ ఏర్పాటుని కాస్త నొక్కితే ఉంగరం వెళ్ళి చక్రానికి ఆనుకుంటుంది. మీరు తొక్కుతుంటే చక్రం తిరుగుతుంది, దానితోపాటు ఉంగరం గిర్రున తిరుగుతుంది, బాబిన్ నిండుతుంది. పళ్ళచక్రాలు లేవు, గొలుసు లేదు. ఒకదాన్నొకటి రాసుకోవడమే. చాలనుకున్నప్పుడు ఎత్తేస్తే సరి.

సైకిలు డైనమో సంగతీ అంతే. తిరిగే టైరుకి దాని తల ఆనించగానే దీపం వెలుగుతుంది. ఇప్పుడు దీన్ని తిరగేసి ఆలోచించండి. టైరు ఆ చిన్నదాన్ని తిప్పడం కాకుండా, ఆ చిన్నదే ఒక ఇంజనుకి తగిలించుకుని తిరుగుతూ టైరుని తిప్పితే? సైకిలు తనంతట తనే పరుగెడుతుంది. దీన్ని ఫ్రిక్షన్ డ్రైవ్ అంటారు. బి.ఎ. చదివిన నాకు ఇంత యంత్రజ్ఞానం ఎక్కణ్ణించి వచ్చిందంటారా? మా నూజివీడు అత్తయ్య దగ్గర్నించి.

1991 వేసవి. అప్పట్లో నూజివీడు కృష్ణాజిల్లాలోనే ఉండేది. ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది 2022లో. సెలవులిచ్చారంటే నేను మావయ్యగారింట్లో ఉండాల్సిందే. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు అని పిల్లలం ఎక్కాల్లా వల్లించేవాళ్ళం. మావయ్యకి సొంత తోట లేదు. ఆగిరిపల్లి వైపు, ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక తోట కాపు గుత్తకి తీసుకున్నాడు. గుత్త అంటే తెలిసినవాళ్ళకి తెలుసు, పూత చూసి పందెం కాయడం లాంటిదే. మే నెలలో ఒక్క గాలివాన వచ్చిందంటే అప్పు మిగులుతుంది, కాయ మిగలదు.

ఆయన రాత్రీ పగలూ తోటలోనే కాపలా. అత్తయ్య పొద్దున్నే వంట చేసి, క్యారియరు సైకిలుకి తగిలించుకుని తొమ్మిది కిలోమీటర్లూ తొక్కుకుంటూ వెళ్ళేది. చీరకట్టుతో సైకిలు తొక్కే ఆడవాళ్ళు ఆ రోజుల్లో మా వాళ్ళలో ఆవిడొక్కతే. అది ఆవిడ సైకిలు. మాటవరసకి కాదు, జాకెట్లు కుట్టిన డబ్బు దాచుకుని కొనుక్కున్న లేడీస్ సైకిలు.

ఆ సైకిలుని మావయ్య ఒకనాడు విప్పేశాడు.

ఇంజను ఎక్కడిదంటారా? పవర్ స్ప్రేయరుది. మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడితే మందు కొట్టాలి. వీపుకి తగిలించుకునే ఆ స్ప్రేయరులో చిన్న పెట్రోలు ఇంజనుంటుంది, ముప్పై అయిదు సి.సి. పూతకాలం పోయి కాయ దిగాక దానికిక పనిలేదు. సరిగ్గా అప్పుడే మనుషులకి పని ఎక్కువ, తోటకీ ఊరికీ ఎడతెగని తిరుగుడు. ఒక మూల ఇంజను ఖాళీగా పడుంది, ఇంకో మూల పెళ్ళాం ఎండలో సైకిలు తొక్కుతోంది. మావయ్య బుర్రలో ఈ రెండూ కలిశాయి. వెనక క్యారేజి పీకేసి, ఫ్రేముకి రెండు చిల్లులు పొడిచి, ఇంజనుని చక్రం మీద కూర్చోబెట్టాడు. లేత్ షాపులో ఒక ఇనప రోలరు కోయించి దానిమీద గరుకుగా గాట్లు పెట్టించాడు. ఒక స్ప్రింగు, ఒక మీట. మీట దించితే రోలరు టైరుని పట్టుకుంటుంది, ఎత్తితే వదిలేస్తుంది. చూడ్డానికొచ్చిన ప్రతివాడికీ "దానికోసమేనయ్యా, ఎండలో తొక్కలేకపోతోంది" అని చెప్పేవాడు. ఆ "దాని" సైకిలు మూడు వారాలు విప్పి పడుంటే, "అది" బస్సు కోసం నిలబడి, బస్సు దిగి తోట దాకా నడిచి వెళ్ళిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇదంతా మా మావయ్య కొత్తగా కనిపెట్టాడని నేను చాలా ఏళ్ళు నమ్మాను. తర్వాత నవలలు రాసుకుంటూ, అక్కర్లేనివన్నీ చదివే అలవాటు పడ్డాక తెలిసింది, లోకంలో ఇలాంటి మావయ్యలు చాలామంది ఉన్నారని.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయింది. యూరప్‌లో రైళ్ళు పాడయ్యాయి, పెట్రోలు కరువు, కార్లు కొనే స్తోమత ఎవరికీ లేదు. ఉన్నదల్లా సైకిలు. ఇటలీలో గరెల్లి కంపెనీ 38 సి.సి. ఇంజనొకటి తయారుచేసి "మొస్కిటో", అంటే దోమ అని పేరు పెట్టింది. అది పెడల్స్ కింద వేలాడుతూ వెనక టైరుని రోలరుతో తిప్పేది. ఫ్రాన్సులో కార్బురేటర్లు చేసే సోలెక్స్ కంపెనీ 1946లో వెలోసోలెక్స్‌ని బజార్లోకి తెచ్చింది. దీని ఇంజను ముందు చక్రం మీద ఉంటుంది. మీట లాగితే ఇంజను పైకి లేస్తుంది, అప్పుడది మామూలు సైకిలే. లీటరున్నర పెట్రోలు పోస్తే వంద కిలోమీటర్లు. ఫ్రాన్సులో 1988లో తయారీ ఆపేసేనాటికి డెబ్బై లక్షలకు పైగా అమ్ముడయ్యాయని లెక్క. చర్చి ఫాదరీలు ఎక్కారు, కాలేజీ పిల్లలు ఎక్కారు, గౌన్లు నలగకుండా ఆడవాళ్ళు ఎక్కారు. 1958లో జాక్ తాతి తీసిన సినిమాలో కథానాయకుడు ఈ సోలెక్స్ మీదే మేనల్లుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని తిరుగుతాడు. ఆ సినిమా పేరేమిటో తెలుసా? ఫ్రెంచిలో "మొనోంక్ల్". అంటే "మా మావయ్య"!

కానీ నన్ను పట్టుకుని వదలనిది జపాను కథ. అదే 1946లో, హమమత్సు అనే ఊళ్ళో సోయిచిరో హోండా అనే ఆయన ఒక స్నేహితుడింట్లో చిన్న ఇంజనొకటి చూశాడు. సైన్యం వాళ్ళు రేడియోలకి కరెంటు కోసం వాడినది, యుద్ధం అయిపోయాక పనికిరాక పడుంది. మా స్ప్రేయరు ఇంజనులాగే. దాన్ని సైకిలుకి బిగించాడు. పెట్రోలు ట్యాంకు లేదు. చలికాలంలో పక్కలో పెట్టుకునే వేణ్ణీళ్ళ సీసాని ట్యాంకుగా కట్టాడు. తొలుత ముందు చక్రాన్ని రోలరుతోనే తిప్పి చూశారు. యుద్ధం తర్వాతి నాసిరకం టైర్లు ఆ రాపిడికి ఆగలేదు. దాంతో బెల్టు పెట్టి వెనక చక్రాన్ని తిప్పారు. తర్వాత కథ లోకమంతా ఎరిగినదే.

ఆ కథలో హోండాగారి భార్య ఉంది. ఆవిడ పేరు సచి. తిండిగింజల కోసం దూరాలు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళే భార్యని చూడలేక ఆ ఇంజను బిగించానని ఆయన తర్వాత చెప్పుకునేవాడు. కంపెనీ చరిత్ర కోసం ఆవిణ్ణి అడిగితే మాత్రం మర్యాదగానే ఇంకోలా చెప్పింది. అదీ కొంత ఉండొచ్చుగానీ, ఆడదాని చేతికి ఈ బండి లొంగుతుందో లేదో తేల్చుకోవడమే ఆయన అసలు ఉద్దేశం, ఆ పరీక్షకి నన్ను వాడుకున్నారని. జనం చూడాలని మంచి బట్టలు కట్టుకుని రద్దీ వీధుల్లో నడిపిందట. ఇంటికొచ్చి చూసుకుంటే ఆ మంచి బట్టల నిండా ఆయిలు. ఇలాగైతే కొన్నవాళ్ళు వచ్చి తిడతారండీ అని మొగుడితో చెప్పింది. మామూలుగా అయితే నోరుముయ్యమనే మనిషి, ఆ రోజు మాత్రం ఆలోచనలో పడ్డాడట. కార్బురేటరు లోంచి ఆయిలు వెనక్కి చిమ్ముతోందని తేలింది. తర్వాతి వాటిలో దాన్ని సరిచేశారు.

ఇది చదివిన రోజు నేను పుస్తకం పక్కన పెట్టి నూజివీడుకి ఫోను చేశాను. ఎందుకంటే ఆ ఆయిలు మరకల చీర నాకు తెలుసు.

మావయ్య బండి తయారయ్యాక మొదటి సవారీ అత్తయ్యదే. నాలుగడుగులు తొక్కి మీట దించింది. ఇంజను డుబడుబలాడుతూ అంటుకుంది. వీధి చివరిదాకా వెళ్ళింది, మలుపు తిరిగింది, మాయమైంది. మేం పిల్లలం చప్పట్లు. అరగంటైనా రాలేదు, గంటైనా రాలేదు. చివరికి బండిని తోసుకుంటూ వచ్చింది. చీర వెనకంతా నల్లటి ఆయిలు. ఆవిడకి బాగా ఇష్టమైన గళ్ళ నేతచీర. కోపమొస్తే ఆవిడ గొంతు తగ్గుతుంది.

"అయిదు కిలోమీటర్లకే ఇంజను పొయ్యిలా కాలిపోయి ఆగిపోయిందండీ. ఈ రోలరు అసలు పట్టట్లేదు, జారుతోంది."

"టైరులో గాలి తక్కువై ఉంటుంది," అన్నాడు మావయ్య.

"గాలి కాదు. రబ్బరు మీద ఆయిలు పడితే పట్టదు. మిషను ఉంగరం మీద పొరపాట్న నూనెచుక్క పడితే బాబిన్ తిరుగుతుందా? తుడిస్తేగానీ తిరగదు. ఇంజను కారుతోంది, కారింది కారినట్టు రోలరు మీద పడుతోంది, మిగిలింది నా చీర మీద పడుతోంది."

మావయ్య మాట్లాడలేదు. ఆ సాయంత్రం అత్తయ్యే డాల్డా డబ్బా కత్తిరించి, ఇంజనుకీ రోలరుకీ మధ్య రేకు అమర్చింది. కాలిపోవడం సంగతి మావయ్యకే తట్టింది. స్ప్రేయరుకి మందుని చిమ్మే ఫ్యానే ఇంజనుకి గాలి కూడా విసురుతుంది. సైకిలుకి ఎందుకులే అని దాన్ని పీకేశాడు. మళ్ళీ చిన్న రేకు ఫ్యానొకటి పెట్టాక, దారిలో ఒకసారి ఆపి చల్లార్చుకుంటే తోట దాకా వెళ్ళగలిగింది.

ఇంకో తగాదా చెప్పాలి. ఇరవయ్యెనిమిది అంగుళాల చక్రం అయితే ఇంకా వేగంగా పోతుందని మావయ్య వాదన. కాదని అత్తయ్య. ఇప్పుడు లెక్క వేస్తే ఆవిడదే రైటు. నాలుగు సెంటీమీటర్ల లావున్న రోలరు ఒక్కసారి తిరిగితే టైరు పన్నెండున్నర సెంటీమీటర్లు జరుగుతుంది, అంతే. చక్రం పెద్దదైనా చిన్నదైనా జరిగేది అంతే. ఇంజను నిమిషానికి నాలుగువేలసార్లు తిరిగితే అయిదువందల మీటర్లు, గంటకి ముప్పై కిలోమీటర్లు. వేగం కావాలంటే మార్చాల్సింది రోలరుని. అత్తయ్య ఈ లెక్కలేవీ వెయ్యలేదు. "నెట్టేది చిన్నది కదండీ, పెద్దదాన్ని చూస్తారేం?" అంది.

ఆ నెలంతా అత్తయ్య బండి మీదే తిరిగింది. నా వరకు నేను దాని వెనక పరిగెత్తుతూ వేసవి గడిపేశాను. చినుకు పడితే మాత్రం తడిసిన టైరు మీద రోలరు ఊరికే గింగిరాలు కొట్టేది, బండి కదిలేది కాదు. అప్పుడు మీట ఎత్తేసి, ఇంజను బరువుతో సహా తొక్కడమే. ఆ గరుకు గాట్లకి నెల తిరక్కుండానే టైరు అరిగి నున్నబడింది. కొత్త టైరుకి డబ్బు మళ్ళీ జాకెట్లలోంచే.

చట్టం ఏమంటుందో అప్పుడు ఎవరూ అడగలేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇరవై అయిదు సి.సి. దాటిన ఇంజను బిగిస్తే అది సైకిలు కాదు, మోటారు వాహనం. రిజిస్ట్రేషను కావాలి, లైసెన్సు కావాలి. ముప్పై అయిదు సి.సి. మీద మా అత్తయ్య దర్జాగా తిరిగింది.

అయినా ఈ బళ్ళకి అప్పటికే రోజులు దగ్గరపడ్డాయి. మన తిరుపతిలోనే మోపెడ్స్ ఇండియా వాళ్ళు ఫ్రాన్సు మోటోబెకాన్ కంపెనీ సాయంతో సువేగ మోపెడ్లు చేశారు. 1972లో పూనా నుంచి లూనా వచ్చింది, 1980లో హోసూరు నుంచి టి.వి.ఎస్. 50. వీటిల్లో రోలరూ టైరూ రాసుకునే బాధ లేదు, వాన పడినా జారవు, చీరకట్టుతో ఎక్కొచ్చు. అంత డబ్బు పెట్టలేనివాళ్ళకే మా మావయ్య బండి. అసలు ఆయన ఆలోచన కూడా అదేనని నాకు ఫోనులోనే తెలిసింది.

"అత్తయ్యా, మావయ్య ఆ బండి నిజంగా నీకోసమే చేశాడా?" అన్నాను.

ఆవిడకిప్పుడు డెబ్బై దాటాయి. మావయ్య పోయి ఆరేళ్ళు. కాసేపు మాట్లాడలేదు.

"నాకోసమూ చేశారే. కాదనను. కానీ ఆ ఏడు గుత్తలో దెబ్బ తిన్నాం కదా, ఇలాంటివి పది చేసి తోటలవాళ్ళకి అమ్ముదామని చూశారు. ఆడది నడిపిందంటే ఎవరైనా కొంటారని నన్ను బజారు మీదుగా పొమ్మనేవారు. తోటకి దగ్గరిదారి ఉండగా నేను రోజూ సెంటరులోంచి ఎందుకు వెళ్ళాననుకున్నావ్?"

సచిగారి సంగతి చెప్పాను. జపానులో ఒకావిడ కూడా సరిగ్గా ఇలాగే ఊరంతా తిరిగిందనీ, బట్టలు పాడుచేసుకుందనీ.

"వాళ్ళాయన చీర కొనిచ్చాడా?" అంది అత్తయ్య.

కంపెనీ పెట్టాడన్నాను.

మావయ్య బళ్ళు ఒక్కటీ అమ్ముడుపోలేదు. చూడ్డానికి అందరూ వచ్చారు, టైరు ఖర్చు వినగానే వెళ్ళిపోయారు. ఆ పుష్యంలో పూత వచ్చింది, పూతతోపాటే తేనెమంచు పురుగూ వచ్చింది. ఇంజను మళ్ళీ స్ప్రేయరులోకి వెళ్ళిపోయింది. సైకిలు ఫ్రేముకి చిల్లులు రెండూ అలాగే ఉండిపోయాయి. విప్పేసిన క్యారేజి నట్లు ఎక్కడ పడేశాడో మావయ్యకి గుర్తులేదు. అత్తయ్య కొత్తవి కొనుక్కుని, పానా తెచ్చుకుని, తనే బిగించుకుంది.