నెమ్మదికీ మార్కులు వేసిన పోటీ

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఐరోపాలో జరిగిన ‘ఛాలెంజ్’ విమాన పోటీని ఒక్క వాక్యంలో చెప్పాలంటే ఇలా చెప్పవచ్చు: “నాలుగుసార్లు జరిగి, పర్యటన విమానాలను సాంకేతిక పరీక్షలతోనూ సుదీర్ఘ యాత్రతోనూ తూచి, యంత్రాన్నీ మనుషులనూ కలిపి గెలిపించిన పోటీ.” ఇందులో ప్రతి మాట వెనుకా ఒక చరిత్ర ఉంది. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

నాలుగుసార్లు: 1929లో పారిస్, 1930లోనూ 1932లోనూ బెర్లిన్, 1934లో వార్సా. గెలిచిన దేశమే తర్వాతి పోటీని నిర్వహించాలన్నది నియమం. మొదటి రెండుసార్లూ జర్మన్ పైలట్ ఫ్రిట్జ్ మోర్జిక్ గెలిచాడు కాబట్టి పోటీ పారిస్ నుంచి బెర్లిన్‌కు చేరి, అక్కడే మరోసారి జరిగింది. 1932లో పోలండ్ గెలవడంతో వార్సాకు తరలింది. 1934లోనూ పోలండే గెలిచింది. అయితే ఖర్చు తడిసిమోపెడు కావడంతో ఆ తర్వాతి పోటీ బాధ్యతను అది తీసుకోలేదు. ఛాలెంజ్ చరిత్ర అక్కడితో ముగిసింది.

పర్యటన విమానం: ఇది యుద్ధ విమానం కాదు, కేవలం వేగ పందెం కోసమే కట్టిన యంత్రమూ కాదు. కొద్దిమంది కూర్చుని ఊరి నుంచి ఊరికి వెళ్లడానికి పనికొచ్చే చిన్న విమానం. దాని బరువు హద్దు దాటకుండా నియమాలు కట్టడి చేశాయి. 1934 పోటీలో ఖాళీ విమానం 560 కిలోలకు మించకూడదు. ఆ హద్దులోనే బలమైన ఇంజన్, సౌకర్యమైన క్యాబిన్, గట్టి నిర్మాణం అన్నీ ఇమడాలి. డిజైనర్ ఒకటి పెంచాలంటే మరొకటి తగ్గించుకోక తప్పదు.

సాంకేతిక పరీక్షలు: ఈ పోటీకి ప్రాణం ఇక్కడే ఉంది. వేగాన్ని కొలవడం ఏ పందెంలోనైనా ఉండేదే. ఛాలెంజ్ నిర్వాహకులు మాత్రం విమానం రోజువారీ వాడకానికి పనికొస్తుందా అని అడిగారు. ఇంజన్ తేలిగ్గా స్టార్ట్ అవుతుందా? పెట్రోలు ఎంత తాగుతుంది? చిన్న షెడ్డులో పెట్టుకునేలా రెక్కలు ఎంత త్వరగా మడవవచ్చు, మళ్లీ ఎంత త్వరగా విప్పవచ్చు? 8 మీటర్ల ఎత్తున కట్టిన అడ్డును దాటి పైకి లేవడానికి ఎంత నేల కావాలి? అదే అడ్డు మీదుగా దిగి ఎంత దూరంలో ఆగగలదు? క్యాబిన్ సౌకర్యానికీ భద్రతా ఏర్పాట్లకూ కూడా పాయింట్లు ఉండేవి.

కనిష్ఠ వేగం: పరీక్షలన్నిటిలో ఇది విశేషమైనది. కింద పడకుండా ఎంత నెమ్మదిగా ఎగరగలదో విమానం చూపించాలి. 1932లో పోలండ్ విమానం ఆర్‌డబ్ల్యూడీ-6 గంటకు 57.6 కిలోమీటర్ల వేగంతో నిలకడగా ఎగిరింది. రెండేళ్ల తర్వాత ఆర్‌డబ్ల్యూడీ-9 ఆ అంకెను 54కు దించింది. నెమ్మదిగా ఎగరగల విమానమే నెమ్మదిగా దిగగలదు. నెమ్మదిగా దిగగలిగితేనే ఇంజన్ మొరాయించినప్పుడు చిన్న పొలంలోనైనా ప్రాణాలతో ఆగవచ్చు. అందుకే ఈ పరీక్ష వింత కాదు, పైలట్ ప్రాణానికి పూచీ.

స్లాట్లు, ఫ్లాప్‌లు: ఆ నెమ్మదిని సాధ్యం చేసినవి ఇవే. వేగం తగ్గినకొద్దీ విమానం ముక్కు పైకెత్తాలి. మరీ ఎత్తితే రెక్క పైభాగాన్ని అంటుకుని పారే గాలి ఒక్కసారిగా విడిపోతుంది, విమానాన్ని మోసే బలం పడిపోతుంది. రెక్క ముందు అంచున తెరుచుకునే స్లాట్ సందులోంచి గాలిని పైకి పంపి ఆ ప్రవాహాన్ని విడిపోకుండా నిలుపుతుంది. వెనుక అంచున ఉండే ఫ్లాప్ కిందికి వంగి, మోసే బలాన్ని పెంచుతుంది. ఇవి ఛాలెంజ్‌లో పుట్టినవి కావు. కానీ చిన్న విమానాల డిజైనర్లు వీటిని పట్టుదలగా వాడేలా చేసింది మాత్రం ఆ పాయింట్లే.

సుదీర్ఘ యాత్ర: పరీక్షల మైదానంలో మెరిసిన విమానం తర్వాత ఖండం చుట్టి రావాలి. 1929లో ఆ దారి 5,942 కిలోమీటర్లు. 1934కు 9,537 అయింది. వార్సాలో బయలుదేరి బెర్లిన్, పారిస్, మాడ్రిడ్ మీదుగా మధ్యధరా దాటి కాసాబ్లాంకా, అల్జీర్స్, ట్యూనిస్ చూసి, రోమ్, వియన్నా, ప్రాగ్ మీదుగా మళ్లీ వార్సా చేరాలి. చివర గరిష్ఠ వేగ పరీక్ష. 1932లో యాత్రను అందరికంటే వేగంగా ముగించినవాడు హైంకెల్ విమానంలో వచ్చిన హాన్స్ జైడెమన్. అయినా విజేత అతను కాదు. మొత్తం లెక్కలో పోలండ్ జట్టుకు 461 పాయింట్లు వచ్చాయి. మోర్జిక్‌కూ రైన్‌హోల్ట్ పోస్‌కూ చెరి 458.

యంత్రమూ మనుషులూ: ఆ 461 పాయింట్లు పైలట్ ఫ్రాన్చిషెక్ జ్విర్కోవి, ఆయన పక్కన కూర్చున్న స్తానిస్వావ్ విగురావి. వాళ్ల విమానం ఆర్‌డబ్ల్యూడీ-6 పేరులోని మధ్య అక్షరం ‘డబ్ల్యూ’ విగురా (Wigura) పేరుదే. తాను మరికొందరితో కలిసి డిజైన్ చేసిన విమానంలో తానే ఎక్కి ఐరోపా చుట్టిన ఇంజనీర్ ఆయన. గెలిచిన రెండు వారాలకు, 1932 సెప్టెంబరు 11న, ప్రాగ్ వెళుతూ చెకోస్లొవేకియాలోని చెర్లిట్స్కో దగ్గర తుపానులో చిక్కుకుని ఇద్దరూ మరణించారు. వాళ్లు గెలిచిన ఆగస్టు 28ని పోలండ్ నేటికీ వైమానిక దినంగా జరుపుకుంటోంది. 1934లో యెజి బయాన్, మెకానిక్ గుస్తావ్ పొక్షివ్కా కలిసి ఆ గెలుపును నిలబెట్టారు.

గెలిపించిన: ఛాలెంజ్ గెలిపించింది మనుషులనే కాదు, కొన్ని గుణాలనూ. 1934 పోటీ కోసం కట్టిన ఫీసెలర్ ఎఫ్‌ఐ-97 అనుభవం నుంచే గుప్పెడు నేల మీద దిగగల ష్టోర్ఖ్ విమానం వచ్చింది. అదే పోటీ కోసం కట్టిన మెసర్‌ష్మిట్ బీఎఫ్-108 ఆలోచనలు మరుసటి ఏడాదే బీఎఫ్-109 అనే యుద్ధ విమానంలోకి ప్రవహించాయి. పర్యటన కోసం పెంచిన నేర్పు యుద్ధం చేతికి చిక్కడం బాధాకరం. ఆ తప్పు నియమాలు రాసినవారిది కాదు. దేనికి మార్కులు వేస్తామో డిజైనర్ దాన్నే సాధించుకొస్తాడని వాళ్లు రుజువు చేశారు. వేగానికి మాత్రమే మార్కులు వేసే ఏ పోటీకైనా ఛాలెంజ్ చెప్పే పాఠం ఇదే: భద్రత కావాలనుకుంటే, దాన్ని కొలిచే పరీక్షను ముందుగా పెట్టాలి.