సగమైతే మంద్రం

జల్‌పల్లిలో ఇంటి గదిలోనే పాట రికార్డు చేసుకొనేవారికి బేస్ గిటార్ లేకపోవడం లోటా? కాదనే అంటోంది చరిత్ర.

1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో అడుగు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటారుది 82 సార్లు. తేడా సరిగ్గా ఒక స్థాయి. టేపుల కాలంలో దీనికి ఉపాయం, రెట్టింపు వేగంతో వాయించి, సగం వేగంతో వినిపించడం. స్వరం ఒక స్థాయి దిగేది, లయ నిలిచేది. 1982లో రోలాండ్ సంస్థ తెచ్చిన ఓసీ-2 పెడల్ ఆ శ్రమను తప్పించింది. 2003లో 'సెవెన్ నేషన్ ఆర్మీ' పాటలో జాక్ వైట్ గిటారునే పెడల్‌తో ఒక స్థాయి దించాడు. శ్రోతలెందరో దాన్ని బేస్ అనుకున్నారు. నేడు ఆ పని కంప్యూటరే చేస్తుంది.

మృదంగం ఎడమవైపు రవ్వముద్ద అద్ది, చర్మాన్ని బరువెక్కించి మంద్రాన్ని రప్పించే మన విద్వాంసులకు ఇది వింత కాదు. మంద్రం వాద్యంలో కాదు, కంపనను నెమ్మదింపజేసే యుక్తిలో ఉంది.