చర్చికి ఇచ్చే దశమభాగానికి ట్యాక్స్ మినహాయింపు వస్తుందా? రసీదు ఎవరి పేరున ఉందో చూసుకోండి

విశాఖపట్నం: స్టీల్‌ప్లాంట్‌లోనో, పోర్టులోనో ఉద్యోగం. జీతం పడగానే పదో వంతు చర్చికి. విశాఖలో ఎన్నో క్రైస్తవ కుటుంబాలకు ఇది ఏళ్లనాటి అలవాటు. మరి ఐటీ రిటర్న్‌లో ఆ దశమభాగాన్ని 80జీ కింద చూపించొచ్చా? మామూలుగా అయితే కుదరదు.

ఆదాయపు పన్ను చట్టం-1961లోని 80జీ సెక్షన్ సేవా కార్యక్రమాలకిచ్చే విరాళాల కోసం. పూర్తిగా మతపరమైన పనికిచ్చే డబ్బు దాని కిందకు రాదు. ఒక మతం వాళ్ల కోసమో, ఒక కులం వాళ్ల కోసమో పెట్టిన సంస్థకూ ఆ గుర్తింపు దక్కదు. ఇది చర్చిలకే పెట్టిన రూలేం కాదు. గుడి హుండీకైనా, మసీదు చందాకైనా ఇదే లెక్క.

‘మా చర్చికి 12ఏబీ రిజిస్ట్రేషన్ ఉంది కదా’ అంటారు కొందరు. అది చర్చి ఆదాయంపై పన్నుకు సంబంధించింది. కానుక ఇచ్చిన వారికి దానితో ఒరిగేదేమీ లేదు.

అదే చర్చి పెద్దలు బడికో, ఆసుపత్రికో, అనాథాశ్రమానికో వేరే ట్రస్టు పెట్టి, అన్ని మతాల వాళ్లకూ సేవ చేస్తూ 80జీ గుర్తింపు తెచ్చుకుంటే కథ వేరు. ఏడాది ఆదాయంలో 5 శాతం దాకా మతపరమైన పనులకు వాడినా ఆ గుర్తింపు పోదు. అందుకే రసీదు చర్చి పేరున ఉందా, ట్రస్టు పేరున ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఆ ట్రస్టుకు 60 వేలు ఇస్తే సగం, అంటే 30 వేలకు మినహాయింపు. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి మిగిలేది రూ.6,240. పెద్ద మొత్తాలు ఇచ్చేవారికి ఆదాయంలో 10 శాతం పరిమితి ఉంది. నగదైతే రూ.2,000 దాటకూడదు. బియ్యం బస్తాలు, బట్టలు లెక్కలోకి రావు.

ఇంకో దారి ఉంది. చారిత్రక ప్రాధాన్యమున్నవిగానో, రాష్ట్రమంతా పేరున్నవిగానో కేంద్రం నోటిఫై చేసిన ప్రార్థనా స్థలాల మరమ్మతులకిచ్చే విరాళాలకు మినహాయింపు వర్తిస్తుంది. పోర్టు పక్కన రాస్ హిల్ మీది చర్చి తెలియని విశాఖవాసి ఉండరు. కానీ ఊరంతా ఎరిగిన చర్చి అయితే చాలదు, నోటిఫికేషన్‌లో పేరుండాలి. అదీ మరమ్మతుల డబ్బుకే, ఆదివారం కానుకకు కాదు.

కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి మాత్రం ఈ మినహాయింపే లేదు. విడిగా ఎంచుకోకపోతే ఇప్పుడు అందరూ కొత్త విధానంలోనే ఉన్నట్టు.

ఉత్తుత్తి రసీదులతో క్లెయిమ్ చేస్తే ఇబ్బందే. 2025 జులై 14న ఐటీ శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు మొదలుపెట్టింది ఇలాంటి తప్పుడు మినహాయింపులపైనే. ఆదాయం తప్పుగా చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం దాకా జరిమానా. ట్రస్టు ఐటీ శాఖకు వివరాలు పంపి, దాతకు ఫారం 10బీఈ ఇవ్వాలి. అది చేతికొచ్చాకే రిటర్న్‌లో ఆ అంకె వేయడం మంచిది.